నలభై డిగ్రీల దగ్గర దీపం

కలిదిండి దగ్గర హైస్కూల్లో లెక్కలు చెప్పే సుకుమార్ అక్టోబరు నెలాఖరులో ఒక సాయంత్రం కొల్లేట్లోకి వెళ్లి తిరిగి రాలేదు. రెండో రోజు తిరగబడిన దోనె దొరికింది. మనిషి దొరకలేదు, జేబులో పెట్టుకెళ్లిన ఫోనూ దొరకలేదు. మునిగిపోయాడని ఊరంతా నమ్మింది. అతని భార్య రాజకుమారి మాత్రం నమ్మలేదు. మొగుడికి ఆకాశం చూడడం నేర్పిన భీమశంకరం మాస్టారి సాయంతో, అతని టెలిస్కోపు యాప్‌ను అతని ఖాతాతోనే తన ఫోనులో తెరిచింది. అందులో సుకుమార్ చూసి దాచుకున్న గురుతులన్నీ వరసగా ఉన్నాయి. చంద్రుడు, శని, కృత్తికలు, మళ్లీ చంద్రుడు. చివరి పదకొండు సాయంత్రాలు మాత్రం పేరు లేని ఒకే గురుతు, ఒకే వేళకి. పోయిన వారం వాళ్లిద్దరినీ ఆ పదకొండు వరసల ముందు వదిలి వచ్చాం.

శనివారం సాయంత్రం అయిదింటికల్లా మాస్టారు ఏలూరు బస్సు దిగి, ఆటోలో గట్టు దాకా వచ్చేశారు. ఆయనకి డెబ్భై దాటాయి. తాడేపల్లిగూడెంలో ముప్ఫై ఏళ్లు ఫిజిక్సు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. మెడకి మఫ్లరు చుట్టుకుని, చేతిలో గుడ్డసంచితో, చెరువుల మధ్య సన్నటి గట్టు మీద జాగ్రత్తగా అడుగులు వేస్తూ నడిచారు.

గట్టు చివర రాజకుమారి కాచుకుని ఉంది. హెల్త్ సబ్‌సెంటర్‌లో డ్యూటీ దిగి, బట్టలైనా మార్చుకోకుండా వచ్చింది. టెలిస్కోపును దుప్పటిలో చుట్టి స్కూటీ మీద తెచ్చింది. పొట్టిగా, లావుగా, నీళ్ల బిందెంత ఉంటుంది దాని గొట్టం. బడి నుంచి తెచ్చిన స్టూలు మీద దాన్ని నిలబెట్టింది. సుకుమార్ రోజూ నిలబెట్టే చోటే అది. స్టూలు కాళ్లు దిగిన నాలుగు గుంటలు బురద ఎండి గట్టిపడి ఇంకా అలాగే ఉన్నాయి.

"రేపు కూడిక ఎన్నింటికమ్మా?" అడిగారు మాస్టారు.

"పదకొండింటికండీ. ఆరాధన అవగానే. మా అత్తయ్యగారు పాస్టరుగారితో మాట్లాడేశారు. ఫొటో కూడా కట్టించేశారు." ఆమె గొట్టం మీది దుమ్మును కొంగుతో తుడుస్తూ ఉండిపోయింది. "ఆవిణ్ని తప్పుపట్టలేనండీ. కన్న కడుపు. ఏదో ఒకటి తేలిపోతే ఏడ్చి ఊరుకుందామనుకుంటున్నారు. కానీ రేపు నేను ఆ ఆదరణ కూడికలో ముందు వరసలో కూర్చున్నానంటే, ఆయన పోయినట్టు నేనూ ఒప్పుకున్నట్టే కదా మాస్టారూ. ఆ తర్వాత ఇంకెవరూ వెతకరు."

మాస్టారు సంచి కింద పెట్టి టెలిస్కోపు దగ్గరికి వచ్చారు.

ఇంకా వెలుతురు ఉండగానే చేయాల్సిన పని ఒకటుంది. గొట్టం పక్కన ఫోను పెట్టడానికి ప్లాస్టిక్ పట్టీ ఉంది. దాని కింద చిన్న అద్దం. ఫోను అందులో పడుకోబెడితే, దాని కెమెరా ఆ అద్దంలోంచి టెలిస్కోపు చూసేవైపే చూస్తుంది. మాస్టారు దూరంగా కనిపిస్తున్న మంచినీళ్ల ట్యాంకు కొసను టెలిస్కోపులో నడిమధ్యకి తెచ్చారు. ఫోను తెర మీద కూడా అదే కొసను వేలితో పట్టి మధ్యకి జరిపారు.

"అంతే. ఇప్పుడు ఈ రెంటి చూపూ ఒకటే. ఇక నువ్వే చెయ్యమ్మా."

"నాకేం తెలుసండీ? నేనెప్పుడూ ముట్టుకోలేదు. ఆయన రమ్మంటే వంటుందనేదాన్ని."

"మీ ఆయనకి మాత్రం ఏం తెలుసు? కొన్న ఏడాది పొడుగునా చంద్రుడు తప్ప ఇంకోటి దొరకలేదు. ఆకాశమంత చోటులో ఆవగింజంత కన్నంలోంచి ఎక్కడని వెతుకుతాడు? విసుగొచ్చి అమ్మేస్తానన్నాడు. అప్పుడే ఈ పట్టీ బిగించి ఇచ్చాను. మర్నాడు పొద్దున్నే ఫోను. మాస్టారూ, శని దొరికాడండీ అని. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో నాకు తెలియలేదు."

పొద్దు గూకింది. చెరువుల మీద, చేపలకి గాలి అందేలా నీళ్లు చిలికే ఏరియేటర్లు తిరగడం మొదలుపెట్టాయి. కొంగలు బారులు తీరి గట్లమీదుగా వెళ్లిపోయాయి. ఆరుంబావుకి చుక్కలు ఒక్కటొక్కటిగా బయటపడ్డాయి. కొల్లేటి వైపు నుంచి మంచు నేలబారుగా పాకుతూ వస్తోంది.

రాజకుమారి తెర మీద శని అన్న పేరు నొక్కింది. ఫోను ఒక్క క్షణం ఆగింది. అది కనిపిస్తున్న చుక్కలకి ఫొటో తీసి, తన దగ్గరున్న పటంతో పోల్చుకుని, తానెటు చూస్తోందో తెలుసుకుంటుందని మాస్టారు చెప్పారు. తర్వాత తెర మీద పసుపు బాణం వచ్చింది. పైకి, కొంచెం ఎడమకి. ఆమె గొట్టాన్ని రెండు చేతులా పట్టుకుని నెమ్మదిగా తిప్పింది. బాణం పొట్టిదవుతూ వచ్చింది. నడినెత్తికి కాస్త దక్షిణంగా వెళ్లేసరికి బాణం పోయి ఆకుపచ్చ చుట్టు వెలిగింది.

"ఇప్పుడు కన్ను పెట్టు."

ఆమె ఐపీసులోకి వంగింది. నల్లటి నూతిలో చిన్న పసుపు గోళీకాయ. దాని నడుం గుండా సన్నటి గీత, సూది గుచ్చినట్టు. అది వణుకుతోంది. వణుకుతోంది తన చెయ్యేనేమోనని గొట్టం వదిలేసింది. అయినా వణుకుతూనే ఉంది.

"ఉంగరం ఈ ఏడాది మనకి అంచుమీదుగా కనిపిస్తోంది. అందుకే గీతలా ఉంది," అన్నారు మాస్టారు.

ఆమె చాలాసేపు లేవలేదు. లేచాక చెంపలు తుడుచుకుంది. "ఇంత తేలికని తెలిస్తే ఒక్క రోజైనా వచ్చేదాన్నండీ," అంది.

ఏడు గంటలకి ఇంకా పది నిమిషాలుందనగా మాస్టారు తన గడియారం చూసుకున్నారు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ వేళ కోసమే వచ్చారు.

పదకొండు గురుతుల్లో చివరిదాని మీద ఆమె వేలు పెట్టింది. పేరు ఉండాల్సిన చోట ఖాళీ. కింద రెండు అంకెలు. దిక్కు నలభై. ఎత్తు సున్నా.

"ఉత్తరం నుంచి తూర్పుకి నలభై డిగ్రీలు. అంటే ఈశాన్యం," అన్నారు మాస్టారు. "మొదట బ్రహ్మహృదయమనే చుక్క ఉదయించడం కోసం చూస్తున్నాడేమో అనుకున్నాను. అది అటే లేస్తుంది. లెక్క వేసి చూస్తే, ఆ రోజుల్లో అది వచ్చేసరికి ఇంచుమించు ఎనిమిదవుతుంది. ఏడు లోపల అక్కడ ఏ చుక్కా లేదు. పైగా ఎత్తు సున్నా అంటే ఆకాశం కాదమ్మా. నేల. ఇక్కడైతే నీళ్లు."

ఆమె గురుతు నొక్కింది. బాణం కిందకి చూపించింది. గొట్టాన్ని దింపుతూ, తిప్పుతూ పోయింది. చుక్కలు కనిపించడం లేదనీ, దిక్సూచిని బట్టి చూపిస్తున్నాననీ ఫోను హెచ్చరిక పెట్టింది. గొట్టం పూర్తిగా పడుకుని కొల్లేటి మీదికి చూడడం మొదలెట్టాక ఆకుపచ్చ చుట్టు వెలిగింది.

ఐపీసులో మొదట ఏమీ లేదు. మంచు, దాని వెనక చీకటి. తర్వాత, ఎవరో ఒత్తి రాజేసినట్టు, నడిమధ్యన ఒక దీపం వెలిగింది.

కరెంటు దీపం కాదు. ఎర్రగా, గాలికి ఊగుతూ ఉంది. దాని వెలుతురులో గోడ కనిపించింది. ఆ టెలిస్కోపులో అన్నీ తలకిందులుగా కనిపిస్తాయి. పైన నీళ్లు, కింద రేకుల కప్పు, మధ్యలో తెరిచి ఉన్న తలుపు. ఆ తలుపులో ఎవరో నిలబడి ఉన్నారు. కాళ్లు పైకి, తల కిందకి. ఆ మనిషి కదలడం లేదు. గోడకి ఆనుకుని లేడు, ఏ పనీ చేయడం లేదు. ఊరికే ఇటువైపు తిరిగి నిలబడి ఉన్నాడు.

రాజకుమారి వెనక్కి తగ్గింది. మాస్టారు వంగి చూశారు. ఆయన కూడా ఎక్కువసేపు చూడలేకపోయారు.

"కట్టెయ్యండి దాన్ని."

ఇద్దరూ ఉలిక్కిపడి తిరిగారు. గట్టు కింద, కిక్కిస గడ్డి పక్కన దోనెలో దేవదానం నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో, గడ వేసిన చప్పుడైనా వినిపించలేదు. అరవైకి దగ్గరపడ్డ మనిషి, చేపల చెరువుల దగ్గర కాపలా ఉంటాడు. సుకుమార్ వెళ్లిన దోనె తిరగబడి ఉంటే మొదట చూసి ఊరికి చెప్పింది అతనే. అతనిదీ వాళ్ల చర్చే.

"బాబాయ్, అదేం చోటు?" అంది రాజకుమారి.

"ఏ చోటమ్మా?"

"అక్కడ దీపం వెలుగుతోంది. రేకుల షెడ్డు."

"అక్కడ షెడ్డేంటమ్మా. గవర్నమెంటోళ్లు కొల్లేట్లో చెరువుల గట్లు కొట్టేసినప్పుడే అన్నీ పోయాయి. ఒక పాత మోటారు షెడ్డు గోడలుంటాయి, అంతే. తీగల్లేవు, కరెంటు లేదు. చుట్టూ గుర్రపుడెక్క. పక్షుల కోసం వదిలేసిన మేర అది, ఎవర్నీ వెళ్లనివ్వరు." అతను అటు చూడకుండానే ఈ మాటలన్నీ అన్నాడు. "మంచు పడతంది. మీరు పెద్దోరు, ఇంటికెళ్లండి మాస్టారండీ."

"నువ్వోసారి చూడు దేవదానం," అన్నారు మాస్టారు.

"నేను చూడనండీ."

"ఎందుకని?"

దేవదానం గడను బురదలో గుచ్చి దానికి దోనె కట్టాడు. గట్టెక్కలేదు. రాజకుమారి తనే రెండడుగులు దిగి అతని ఎదురుగా నిలబడింది.

"బాబాయ్, మా అమ్మ పోయినప్పుడు శవపేటిక మోసిన మనిషి మీరు. రేపు మా ఆయనకి ఆదరణ కూడిక. మీరూ వస్తారు, నా పక్కనే నిలబడి పాట పాడతారు. వచ్చేముందు నా కళ్లలోకి చూసి ఒక్క మాట చెప్పండి. దోనె తిరగబడే దొరికిందా?"

అతను తలెత్తలేదు. ఏరియేటర్ల చప్పుడు ఆగకుండా వస్తోంది. ఆ చప్పుడులో అతని మాట మొదట వినిపించలేదు.

"ఏమన్నారు?"

"తిరగేసింది నేనేనమ్మా."

మాస్టారు గట్టు మీదే కూలబడ్డారు.

దేవదానం మెల్లగా చెప్పుకొచ్చాడు. సుకుమార్ పదిరోజులుగా ఆ దీపాన్ని చూస్తున్నాడు. పదకొండో రోజు సాయంత్రం దేవదానాన్ని పిలిచి దోనె అడిగాడు. వద్దు సార్, అది వెళ్లే చోటు కాదు అని అతను కాళ్లావేళ్లా పడ్డాడు. తలుపులో నిలబడేది ఎవరో నాకు తెలిసింది, దగ్గరికెళ్లి ఒక్కసారి మాట్లాడి వచ్చేస్తాను, ఇంట్లో చెప్పొద్దు అన్నాడు సుకుమార్. గురుతు దాచుకుని, టెలిస్కోపును దుప్పటిలో చుట్టి ఇక్కడే పెట్టి, ఒక్కడే గడ వేసుకుంటూ వెళ్లాడు.

"రాత్రంతా ఈ గట్టు మీదే కూర్చున్నానమ్మా. తెల్లారకట్ల దోనె తిరిగొచ్చింది. గాలి ఇటు నుంచి అటు కొడతంది. గాలికి ఎదురు వచ్చింది. ఎవరూ లేరు అందులో."

"తిరగబడి లేదా?"

"లేదమ్మా. చుక్క నీరు లేదు. గడ లోపల పొడుగ్గా పెట్టుంది. సార్ చెప్పులు పక్కపక్కనే ఉన్నాయి. రాత్రికని నువ్వు కట్టిచ్చిన క్యారేజీ ఉంది. తినేసి, కడిగేసి, బోర్లించి ఉంది. పోలీసోళ్లొస్తే నన్నడుగుతారు. ఆ మేరలోకి ఎందుకు పంపావంటారు. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఆ రోజంతా గడ్డిలో దాచాను. మర్నాడు తిరగేసి, నీళ్లలోకి తోసి, అరిచాను. చెప్పులు మట్టిలో పూడ్చాను. క్యారేజీ ఇంట్లో ఉంది. పారెయ్యలేకపోయాను."

"నలభై రోజులు," అంది రాజకుమారి. గొంతు పెంచలేదు. "నలభై రోజులు వలలేసి గాలించారు. ప్రతి వల పైకొచ్చినప్పుడల్లా నేను ఒడ్డునే ఉన్నాను బాబాయ్. మీరు నా పక్కనే ఉన్నారు. మంచినీళ్లిచ్చారు నాకు."

"కొట్టమ్మా నన్ను."

"కొట్టి ఏం చెయ్యను? ఆయన మునగలేదని చెప్పాల్సిన నోరు మీదొక్కటే. అది మూసుకున్నారు. రేపు చర్చిలో ఈ మాట అందరి ముందూ చెబుతారా?"

దేవదానం తలూపాడు. "చెబుతానమ్మా. క్యారేజీ కూడా తెస్తాను. జైల్లో పెడితే పెట్టనీ."

ఆ క్షణంలో రాజకుమారికి కాళ్ల కింద నేల దొరికినట్టయింది. తన భర్త నీళ్లలో పోలేదు. అక్కడిదాకా వెళ్లాడు. అన్నం తిన్నాడు. క్యారేజీ కడిగాడు. ఇంట్లో కూడా అంతే, తిన్న గిన్నె ఎప్పుడూ ఆమెకి వదిలేవాడు కాదు. రేపు కూడిక ఆగుతుంది. అత్తగారు ఏమన్నా సరే ఆగుతుంది.

అప్పుడే టెలిస్కోపు పక్కన ఫోను చిన్నగా మోగింది.

మాస్టారు లేచి వెళ్లి చూశారు. చూసి, కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు. "అమ్మా, నువ్వు ఇందాక గురుతేమైనా దాచావా?"

"లేదండీ. నాకు దాచడం ఎలాగో తెలియదు కూడా."

జాబితాలో పదకొండు వరసల కింద పన్నెండోది వచ్చి ఉంది. ఈ రోజు తారీకు. వేళ ఏడు గంటల ఎనిమిది నిమిషాలు. అంటే ఇప్పుడే. సుకుమార్ ఫోను నుంచి వచ్చిందని యాప్ చెబుతోంది. నలభై రెండు రోజులుగా స్విచాఫ్‌లో ఉన్న ఫోను. ఎక్కడా టవరుకి తగల్లేదని పోలీసులు కాగితం మీద రాసిచ్చిన ఫోను.

రాజకుమారి ఆ నంబరుకి రింగ్ చేసింది. స్విచాఫ్ చేసి ఉందని ఎప్పటి ఆడగొంతే చెప్పింది.

"దిక్కు ఎంతని ఉందండీ?"

"రెండు వందల ఇరవై. ఎత్తు సున్నా." మాస్టారు వేలితో అటూ ఇటూ చూపించారు. "మనం అటు చూస్తే నలభై. దానికి నూట ఎనభై కలుపు. అక్కణ్నుంచి తిన్నగా ఇటు చూస్తే అంతేనమ్మా. ఈ గట్టుకే. మనకే."

ఆమె పరుగున వెళ్లి ఐపీసులో కన్ను పెట్టింది. దీపం ఉంది. తలుపు ఉంది. తలుపులో ఎవరూ లేరు.

"బాబాయ్, దోనె విప్పండి," అంది.

"ఇప్పుడా? వద్దమ్మా!" అంటూ దేవదానం గడకి కట్టిన తాడు పట్టుకున్నాడు.

"మనిషి ఉన్నాడక్కడ. ఫోను వాడుతున్నాడు. ఆయనేనండీ మాస్టారూ, ఇంకెవరవుతారు?" నవ్వూ ఏడుపూ కలిసిపోయిన గొంతుతో అంటూనే ఆమె చెప్పులు విప్పి గట్టు దిగింది. మోకాళ్ల లోతు నీళ్లలో అడుగుపెట్టి దోనె అంచు పట్టుకుంది. నీళ్లు చల్లగా ఉన్నాయి.

"ఆగమ్మా," అన్నారు మాస్టారు. "కింద ఏదో రాసి ఉంది."

ఆ యాప్‌లో ప్రతి గురుతు కింద రెండు మాటలు రాసుకోవడానికి చోటుంటుంది. సుకుమార్ ఏనాడూ రాసుకోలేదు. పన్నెండో దాని కింద మాత్రం తెలుగులో ఒక వాక్యం ఉంది. మాస్టారు ఫోను పట్టీలోంచి తీసి, గట్టంచు దాకా వచ్చి పైకి చదివారు.

"రాజీని రానివ్వకండి మాస్టారూ."

దేవదానం చేతిలోని తాడు నీళ్లలో పడింది.

"చూశావా? మనల్ని గుర్తుపట్టాడు," అన్నారు మాస్టారు, ఆయాసపడుతూ. "వాడే వద్దంటున్నాడు తల్లీ. వాడి మాట విను. పైకి రా."

రాజకుమారి కదల్లేదు. దోనె అంచు మీద ఆమె వేళ్లు బిగుసుకుపోయాయి. మొహంలోంచి ఇందాకటి సంతోషం మెల్లమెల్లగా దిగిపోయింది.

"ఆయన కాదండీ," అంది.

"అదేంటి?"

"పెళ్లయి పదకొండేళ్లు. ఆయన నన్ను కుమారీ అనే పిలుస్తారు. రాజీ అని ఒక్కనాడూ అనలేదు. అత్తయ్యగారూ అనరు. ఆ పేరుతో నన్ను పిలిచింది ఒక్కరేనండీ, మా హెన్రీ అన్నయ్య."

"మరి ఆ అబ్బాయి ఇప్పుడెక్కడున్నాడు?"

రాజకుమారి చీకట్లో ఊగుతున్న ఆ ఎర్రటి చుక్క వైపు చూస్తూ చెప్పింది. "మా చర్చి వెనకాల సమాధుల తోటలో ఉన్నాడండీ. పద్నాలుగేళ్లయింది. పెట్టె మీద మొదటి పిడికెడు మట్టి నేనే వేశాను."